చొక్కాకు తీసిన ఎక్స్‌రే

పొద్దున్న ఏడు కాగానే, అందరూ మైకు అని పిలిచే పెద్దాయన చొక్కా మేకు మీద నుంచి దిగి డ్యూటీకి బయలుదేరేది. రేకుల ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళయింది. ఆ సంగతి చొక్కాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు, ఎంతైనా మైకు చొక్కా. ఖాళీ చేతులు ఊపుకుంటూ వీధి చివరిదాకా నడిచి, తుప్పుపట్టిన గేటు ముందు సాయంత్రం దాకా నిలబడి, తిరిగొచ్చేది. కుక్కలు మొదటి వారం మొరిగి మానుకున్నాయి. ఆ వీధిలో టైముకు నడిచేది అదొక్కటే.

వచ్చేటప్పుడు మాత్రం ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. మైకు భార్య గుమ్మంలో నిలబడి దాన్ని నాలుగుసార్లు గట్టిగా దులిపి, బకెట్లో ముంచి ఉతికి, ఆరాక మళ్ళీ మేకుకు తగిలించేది. మొగుడు ఉద్యోగంలో ఉన్న ఇరవై ఆరేళ్ళూ దులిపింది, మానేశాక ఈ పదకొండేళ్ళూ దులిపింది. "మనిషికి రిటైర్మెంటు ఇచ్చారు గానీ మురికికి ఇవ్వలేదు" అనేది.

మైకు అన్నది యూనియన్ వాళ్ళు పెట్టిన పేరు. ఆయన మీటింగులో లేస్తే మైకు అక్కర్లేదు. ఇప్పుడు ఆ గొంతు పక్కింటిదాకా కూడా పోదు. నీళ్ళ బిందె ఎత్తితే అరగంట కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే ఎండ అంటాడు. వానాకాలంలోనూ ఎండే.

ఒక సోమవారం పాత గేటు పక్కన తెల్ల వ్యాను వచ్చి ఆగింది. రేకుల్లో కలిపే రాతినార, అదే ఆస్‌బెస్టాస్, బస్తాలు విప్పినవాళ్ళకు, రేకులు కోసినవాళ్ళకు ఊపిరితిత్తుల పరీక్షట. శుక్రవారం దాకా ఉంటుందట. టోకెన్ నంబరున్న పాత కార్మికులకు మాత్రమే, నంబరుకు ఒక ఎక్స్‌రే ఫోటో.

మైకు ఆ రోజు నుంచి దుప్పటి ముసుగు తీయలేదు.

"కిందటేడు వ్యాను వచ్చినప్పుడు బాయిలరువాడు వెళ్ళాడు. మూడు నెలల్లో పోయాడు. వెళ్ళేదాకా బాగానే ఉన్నాడుగా!"

"దగ్గి దగ్గి మంచం కోడు విరగ్గొట్టాడు. అదేనా బాగుండటం?" అంది భార్య.

"మంచం పాతది."

ఒకప్పుడు మేనేజర్ కాలర్ పట్టుకున్న మనిషి ఫోటోకి భయపడుతున్నాడని వీధంతా నవ్వుకుంది. నవ్విన మగవాళ్ళలో సగం మంది ఇంకా వ్యాను ముఖం చూడలేదు. వాళ్ళకూ వేరే పనులున్నాయి మరి.

శుక్రవారం చొక్కా మేకు దిగుతుంటే మైకు దాన్ని గల్లా పట్టి ఆపాడు. "ఇవాళ గేటు దగ్గర కాదు, వ్యాను దగ్గర నిలబడు. నా బదులు నువ్వే తీయించుకురా. నేను చూసిన దుమ్మంతా నువ్వూ చూశావుగా."

చొక్కా వెళ్ళి వరసలో నిలబడింది. జేబు మీద కుట్టిన టోకెన్ నంబరు చూసి నర్సమ్మ రాసుకుంది. "ఊపిరి పీల్చి బిగపట్టండి" అంది. చొక్కా ఉబ్బింది.

మధ్యాహ్నం పక్కింటి కోడలు గుమ్మంలోకి వచ్చింది. "మామయ్యా, డాక్టరమ్మ రమ్మంటోంది." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మంది."

ఇంట్లోవాళ్ళని ఎందుకు తీసుకురమ్మంటారో ఆ వీధిలో అందరికీ తెలుసు. మైకు మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. భార్య ఒక్కొక్క వేలూ విడదీసింది. "లే. నేనూ వస్తున్నాగా."

ఇద్దరూ నడుస్తుంటే, నాలుగు రోజులు నవ్వినవాళ్ళంతా చెప్పుల్లో రాళ్ళు వెతుక్కున్నారు.

డాక్టరమ్మ ఫోటోను దీపం ముందు పెట్టింది. పక్కటెముకలు, వాటి వెనక ఊపిరితిత్తులు, కుడివైపు అడుగున బొటనవేలి గోరంత మచ్చ. మైకు ఆ మచ్చకేసి వేలు చూపించాడు.

"నాదేనా?"

"అదే నేనూ అడుగుతున్నా. ఇది చూడండి. భుజం దగ్గర పిన్నీసు. మీరు పిన్నీసు పెట్టుకుంటారా?"

ఒక్క క్షణం మైకు ముఖం వెలిగింది. తర్వాత వీధిలో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. ఆయనే తనను తాను తప్పు పట్టుకున్నాడు, చాలా కాలం. ఎందుకంటే మరుక్షణం భార్య వైపు తిరిగాడు. ఆమె భుజం మీద, కుట్టు విడిపోయిన చోట, తల వంకరపోయిన పిన్నీసు. ఫోటోలోనూ తల వంకరే.

"చొక్కా ఎవరు ఉతుకుతారు?" అంది డాక్టరమ్మ.

భార్య చేతులు కొంగులో దాచుకుంది.

"మచ్చ కొత్తది. ఇప్పుడైతే మందుకు లొంగుతుంది. కానీ మనిషిని నిలబెట్టి ఇవాళే మళ్ళీ తీయాలి. మనిషి ఫోటో లేకుండా ఆస్పత్రిలో చేర్చుకోరు."

బల్ల దగ్గర గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "ఆవిడకు నంబరు లేదు మేడం. పెద్దాయన నంబరు మీద ఒకటి తప్పు పడింది కాబట్టి ఇంకొకటి తీయొచ్చు. ఒక్కటే. ఎవరికో చెప్పండి."

"మళ్ళీ వ్యాను ఎప్పుడొస్తుంది?" అన్నాడు మైకు.

"ఏడాదికి. వస్తే."

నాలుగు రోజులుగా ఆ ఫోటో తనకు వద్దని దేవుళ్ళందరికీ మొక్కిన మనిషి, ఇప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. లోపల ఏముందో, ఎంతుందో ఎవరికీ తెలియదు. ఇక ఏడాది దాకా తెలియదు కూడా.

"నువ్వు తీయించుకో. నాకేమైంది, పిన్నీసు తీసేస్తే సరి" అంది భార్య.

"నోర్ముయ్!" అన్నాడు మైకు. వ్యాను అద్దాలు అదిరాయి. వీధి చివరిదాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. "రాయవయ్యా! ఆ నంబరు ఆవిడదే."

అప్పటిదాకా వ్యాను మూలన నిలబడి ఉన్న చొక్కా నడిచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యెత్తింది.

"దులపొద్దు!" అని అరిచింది డాక్టరమ్మ.

గుమాస్తా చొక్కా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, కాగితం ముందుకు లాగాడు. "ఎన్నేళ్ళు పనిచేశారమ్మా?"

"ముప్పయ్యేడు" అంది ఆమె. "ఇంకా మానలేదు."

గుమాస్తా రాసుకున్నాడు. చొక్కాను రుజువు కింద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఫైలుకు జతచేశాడు. ఒకసారి ఫైలెక్కినదాన్ని ఎవరు మాత్రం బయటికి రప్పించగలరు? అది మళ్ళీ ఇంటికి రాలేదు.

లోపల్నుంచి "ఊపిరి బిగపట్టండి" అని వినిపించింది. బయట మైకు కూడా బిగపట్టాడు. మూడు దాకానే లెక్కపెట్టగలిగాడు.

వచ్చే సోమవారం ఆస్పత్రిలో చేరమని చీటీ రాసిచ్చింది డాక్టరమ్మ. "తొందరగా దొరికింది, అదృష్టం. మీకెలా ఉంది పెద్దాయనా?"

"నాకేం తల్లీ, గుండ్రాయిని."

మైకు పెదాలు బిగించుకునే వ్యాను మెట్లు దిగాడు. డాక్టరమ్మ కనుచూపు దాటేదాకా ఆపుకుని, మలుపు తిరిగాక గోడకు ఆనుకుని దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. అరచేతిలో ఏం పడిందో చూసుకోకుండా పిడికిలి మూశాడు. భార్య వీపు మీద చెయ్యి వేసి, అది ఆగేదాకా నిలబడింది.

"ఏడాదే కదయ్యా" అంది. "నన్ను బతికించావు. ఇక నువ్వు కూడా బతికి చావు."