ఆడి తగ్గింపు టీవీ

“ఒక నెల జీతం పడలేదనుకో, ఏం చేస్తావురా?”

నేనడిగితే నా కొడుకు విజయకుమార్ ఇడ్లీ తుంచుతూ నవ్వాడు. ఏమీ జరగకముందే ఏడుపు మొదలుపెట్టే తల్లినని ఇంట్లో నేనంటే ఎగతాళి. వాడు ఎన్నూరు హార్బరులో కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టరు పారిపోతాడేమో, వీడు లారీ కింద పడతాడేమో అని రోజూ దేవుడికి మొక్కుతూనే ఉంటాను. కానీ ఇది ఒట్టి భయం కాదు. జీతం పడిన వారంలోనే ఫోను వాయిదా, బండి వాయిదా, ఫ్రిజ్జు వాయిదా పోతాయి. మిగిలింది బిర్యానీ పొట్లాలకు సరి. నెల చివర కొట్టులో అరువు బియ్యం.

ఇంతలో తమిళుల ఆడి మాసం వచ్చింది, కొట్లన్నింట్లో తగ్గింపు అమ్మకాలు. తగ్గింపులో కొంటే లాభమని మా వాషర్‌మెన్‌పేటంతా నమ్ముతుంది, మేమూ నమ్మాం. ఏటా ఆ లాభంతోనే ఇల్లు గుల్ల చేసుకున్నాం. ఈసారి పెద్ద టీవీ అన్నాడు విజయకుమార్. కోడలు నివేదిత మొగుడికి చెప్పలేక నావైపు చూసింది. వంటింట్లో ఇద్దరం మాట్లాడుకున్నాక, నేనూ వస్తానని చెప్పులు వేసుకున్నాను.

టీవీల కొట్టంతా జనం. అమ్మే మనిషి కాయితాలు నింపి, వాయిదాకు వేలిముద్ర వెయ్యమని చిన్న మిషను ముందుకు జరిపాడు. వీడు వేలు చాచాడు. నేను మిషను మీద అరచెయ్యి పెట్టేశాను.

చెయ్యి తియ్యమని ఆయన తమిళంలో మర్యాదగానే చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు. నేను చెయ్యి తియ్యలేదు.

“నలుగురిలో పరువు తీస్తుండావే మా,” అన్నాడు విజయకుమార్, పళ్ళ మధ్య నుంచి.

“పోతే పోనీ. పాత వాయిదాలు కట్టు, మిగిలిన జీతం ఈ ఒక్క నెల ముట్టుకోకు నాయనా. బ్యాంకులో ఆడే ఉండనీ. ఈ నెలది వచ్చే నెల తిందాం, వచ్చే నెలది ఆపై నెల. ఇంక ఎప్పుడైనా జీతం ఆగినా కూడు ఆగదు. ఈ నెల ఇల్లు నేను నడుపుతా. వీధికంతా ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతా. నివేదిత పాకెట్లు కడతానంది. సరేనా, కాదా?”

గోడ నిండా టీవీలు, అన్నింట్లో ఒకే పిల్ల ఒకే సబ్బు రుద్దుకుంటోంది. అమ్మే మనిషి విసిగి పక్కవాళ్ళ దగ్గరికి పోయాడు. వాళ్ళకు బిల్లు వేసి తిరిగి వచ్చాడు. అప్పటికీ వీడు నా చేతినే చూస్తున్నాడు. ఇంకో మాట అంటే ఏడుస్తానని, అరచెయ్యి ఇంకా గట్టిగా అదిమాను.

చివరికి వేలు వెనక్కి తీసుకున్నాడు.

“ఇంట్లో పిండి గ్రైండరు రాయి నువ్వు ఎత్తలేవు మా,” అన్నాడు. “పనికి పోయే ముందు నేను ఎత్తి పెడతా.”