హిమేనాకి రక్తం తక్కువట

మా పక్కింటి రోసియోది కొలంబియా. హామిల్టన్‌కి వచ్చి రెండేళ్ళయినా ఆవిడకి ఇంగ్లీషు హలో, థాంక్యూ దాటలేదు. అయినా మా మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉంటాయి. నా పులిహోర గిన్నె ఆవిడ ఖాళీగా పంపదు, ఆవిడది నేనూ పంపను.

ఆవిడ కూతురు హిమేనా, మా వర్షిణి ఒకే క్లాసు. వాళ్ళింటికి అద్దె ఏజెంటు వచ్చినా, బ్యాంకు నుంచి ఫోనొచ్చినా ఆ పిల్లే మధ్యలో నిలబడి తల్లికి స్పానిష్‌లో చెప్పాలి. స్కూల్లో అచ్చం ఇక్కడి కివీ పిల్లలా మాట్లాడాలి, ఇంటికి రాగానే అచ్చం కొలంబియా పిల్లయిపోవాలి. పైగా వాళ్ళలో ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే మన ఓణీల ఫంక్షన్ లాంటి హంగామా ఒకటుంది. గౌను, కిరీటం, డాన్సులు, భోజనాలు. రోసియో, నేను ఫోన్లో ఫోటోలు చూపించుకుంటూ ఒకళ్ళనొకళ్ళం తెగ ఎగదోసుకున్నాం. పిల్లల్ని ఎవరడిగారు?

ఇంతలో హిమేనా క్లాసులో ఊపిరాడక కూలబడింది. డాక్టరు దగ్గరికి నేనే డ్రైవ్ చేశాను. రోసియో నా చెయ్యి వదలకుండా లోపలికి లాక్కుపోయింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: గుండెకేం లేదు, ఇది ఆందోళన, మనసు మీద బరువెక్కువైంది, కౌన్సెలర్ దగ్గరికి పంపుతాను, అమ్మ తోడుండాలి అని. హిమేనా బుద్ధిగా తలూపి, తల్లివైపు తిరిగి రెండు ముక్కల్లో తేల్చేసింది. రోసియో మొహం విప్పారింది. అంత మాట విని ఈవిడ ఇంత నిబ్బరంగా ఎలా ఉందబ్బా అనుకున్నాను.

సాయంత్రం రోసియో మా ఇంటికొచ్చి ఫోన్లో ఏదో యాప్ చేత మాట్లాడించింది. కూతురికి రక్తం తక్కువట, మీ వాళ్ళయితే ఏం పెడతారు అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓసి గడుగ్గాయీ! నీ జబ్బు నువ్వే అనువాదం చేసి, నీకు నచ్చిన జబ్బు పెట్టుకున్నావటే? అదే యాప్‌లో ఉన్నదున్నట్టు చెప్పబోయాను. వర్షిణి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. నువ్వు చెప్తే అది ఇంకెవరికీ ఏదీ చెప్పదమ్మా అంది. నోరు మూసుకుని మునగాకు పప్పు ఇచ్చి పంపాను.

మర్నాడు పిల్లలిద్దర్నీ స్కూలుకి దింపుతూ కారు రోడ్డు పక్కన ఆపాను. తిడదామనే ఆపాను. అద్దంలో ఆ పిల్ల మొహం చూస్తే తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఎందుకలా చెప్పావని మాత్రం అడిగాను.

"నా కోసమే అమ్మ ఇంత దూరం వచ్చింది ఆంటీ. నేను బాగాలేనని తెలిస్తే తప్పు తనదే అనుకుంటుంది. ఆ మాట నా నోటితో ఎలా చెప్పను?"

పదిహేనేళ్ళు నిండని పిల్ల ఇంటి బరువంతా మోస్తుంటే ఊపిరెలా ఆడుతుంది? నీ నోటితో చెప్పొద్దులే, వేరేవాళ్ళు చెప్తే సరేనా అన్నాను. సరేనంది.

క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఫోన్లో స్పానిష్‌లోకి మార్చి చెప్పే మనిషిని వాళ్ళే పెడతారట. మొదటిసారి టైమిచ్చేటప్పుడే అడిగారట కూడా. అక్కర్లేదు, నేనున్నాగా అందట మహాతల్లి హిమేనా.

ఈసారి ముగ్గురం వెళ్తే డాక్టరమ్మ ఫోను స్పీకర్లో పెట్టి, "ఇవాళ నువ్వు పేషెంటువి, ఊరికే కూర్చో," అంది హిమేనాతో. ఫోన్లో ఎవరో పెద్దాయన. డాక్టరు చెప్పినదంతా ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. హిమేనా నేలచూపులు చూస్తోంది. ఈ తల్లి ఇప్పుడు కుప్పకూలితే పిల్ల మళ్ళీ జన్మలో నోరు విప్పదు.

రోసియో ఏడవలేదు. నిటారుగా కూర్చుని చాలాసేపు మాట్లాడింది. పెద్దాయన దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు:

"ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ నాకూ గుండె దడే. డాక్టరుకి చెప్పాలంటే నా కూతురి నోటితోనే చెప్పించాలిగా. అందుకే చెప్పలేదు."

హిమేనా చటుక్కున తలెత్తింది. ఇంతకాలం ఇద్దరూ ఒకే రోగాన్ని ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు దాచుకున్నారన్నమాట! నాకు నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాను. డాక్టరమ్మ ఇద్దరికీ విడివిడిగా టైమిస్తానంది.

రోసియో ఫోనువైపు వంగి మళ్ళీ ఏదో అడిగింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆ గౌను పండగ అమ్మాయికి నిజంగా కావాలో వద్దో కనుక్కోమంటోంది తల్లి, కానీ అమ్మాయికి స్పానిష్ వచ్చు కదా, ఆవిడే అడగొచ్చు అన్నాడు. ముందు హిమేనా కిసుక్కున నవ్వింది, తర్వాత అందరం.

రోసియో కుర్చీ తిప్పుకుని కూతురికి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ మొదలెట్టారు. ఏడుపు, నవ్వు, చేతులు తిప్పడం. అంత గబగబా ఆ పిల్ల మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. ఇది కూడా ఇంగ్లీషులో చెప్పమంటారా అని ఫోన్లో పెద్దాయన అడిగాడు.

అక్కర్లేదంది డాక్టరమ్మ.