మాచర్ల రక్తం

"పెళ్ళిచూపులకి వాళ్ళొచ్చి పొయ్యేదాకా పిల్లని బయటికి తేమాక. అడిగితే జొరమొచ్చి పడుకుందని నేను చెబుతాలే" అంది హజ్రా బీ. పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతున్న కోడలు షాహీన్ తలెత్తకుండానే సరేనంది.

షాహీన్ కూతురు మూడేళ్ళ ఫిర్దౌస్‌కి తలసీమియా, ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు. ముఖం పాలిపోయి, పొట్ట ముందుకొచ్చి ఉంటుంది. నెలనెలా నరసరావుపేట నుంచి గుంటూరు తీసుకెళ్ళి రక్తం ఎక్కించాలి. వీధిలో ఎవరడిగినా అత్త చెప్పేది ఒకటే, అది మాచర్ల రక్తమని. మాచర్ల షాహీన్ పుట్టిల్లు. అక్కడ తిండి సరిగ్గా పెట్టకుండా పెంచారనీ, అందుకే ఇట్లాంటి పిల్లని కన్నదనీ నలుగురిలో అంటుంటే, ఉన్నచోటే కుంచించుకుపోయేది షాహీన్. రక్తం పడుతుందని అత్త మేక కార్జం వండి తినిపించబోతే, ఎక్కించే రక్తంతోనే ఒంట్లో ఇనుము పేరుకుంటోంది, కార్జం వద్దని గుంటూరులో డాక్టరమ్మ అందని చెప్పి చూసింది. "తొమ్మిదో తరగతిలో బడి మానేసినదానివి, డాక్టరమ్మ చెప్పింది నీకేం అర్థమైందే?" అంది అత్త.

అర్థమైంది. చానా బాగా అర్థమైంది. తల్లిలోనూ తండ్రిలోనూ ఆ లోపం బయటపడకుండా దాగి ఉండి, ఇద్దరి నుంచీ బిడ్డకి చేరితేనే జబ్బవుతుంది. మొగుడు జహీర్‌కి చేసిన పరీక్షలోనూ అదే తేలింది. ఆరోజు గుంటూరు బస్టాండులో అతను, "ఇంట్లో నా సంగతి ఎత్తమాక. మా షెడ్డులో మెకానిక్కులు నవ్వుతారు" అన్నాడు. అతని మొహం చూసి జాలిపడి నోరు మూసుకుంది షాహీన్. ఆ తర్వాత తల్లి ఎన్ని మాటలన్నా, అతను తనకి సంబంధం లేనట్టు అన్నం కలుపుకుంటూ కూర్చునేవాడు.

పకోడీల పని అయ్యాక, లోపలి గదిలో ఆడబిడ్డ షబ్నంకి జడ వేస్తోంది షాహీన్. చూడవస్తున్నది వెల్దుర్తి నుంచి ముర్తుజా, అత్త సొంత అన్న కొడుకు. అద్దంలోకి చూసుకుంటూ షబ్నం ప్రేమగానే అంది, "నయం వదినా, నాది మేనరికం. తెలిసిన రక్తం. నీ మాదిరి భయం లేదు నాకు."

షాహీన్ వేళ్ళు జడలోనే ఆగిపోయాయి. అన్నలో ఉన్నది చెల్లెల్లో ఉండదని ఏముంది? అత్త వైపు నుంచి వచ్చిందే అయితే ముర్తుజాలోనూ ఉండొచ్చు. ఒక్క పరీక్షతో తెలిసిపోయే సంగతి. ఇన్నాళ్ళూ తన రక్తానికి తనే సిగ్గుపడుతూ బతికింది. ఇప్పుడు, ఏమీ ఎరగని ఈ పిల్ల వెనక నిలబడి, తను మూసుకున్న నోటికి సిగ్గేసింది. ఆ సిగ్గు ముందటి సిగ్గుకన్నా బరువుగా ఉంది.

ముందు గదిలో జహీర్‌తో కూర్చుని చుట్టాలు పకోడీలు తింటున్నారు. షాహీన్ ఫిర్దౌస్‌ని చంకనేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. హజ్రా బీ గతుక్కుమంది. వెంటనే సర్దుకుని, "కోడలి పుట్టింటి జబ్బులే వదినా" అంది ముర్తుజా తల్లితో.

షాహీన్ చెవులు కాలిపోతున్నాయి. పిల్లని చంకలో పైకి సర్దుకుని అంది:

"ముర్తుజా అన్నా, నిఖా ఖాయం చేసుకునే ముందర నువ్వూ షబ్నం గుంటూరొచ్చి రక్త పరీక్ష చేయించుకోండి. ఈ పిల్లకి జబ్బు నా ఒక్కదాన్నుంచే రాలేదు."

ఒక్కొక్కరే జహీర్ వైపు తిరిగారు.