ఒబ్దూలియా మాట వినని పొగ

ఉదయం పదింటికి, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఒబ్దూలియా టాకోల బండి మీదుగా ఆఫీసుకు వెళ్తుంది. పెనం మీది పొగ తినేవాళ్ల కళ్లల్లో పడుతుంటే బండివాడు, "అమ్మా, దీన్ని కాస్త పక్కకి తిప్పి వెళ్లండి" అంటాడు. ఆమె పెన్సిల్‌తో గాల్లో గీత గీస్తే పొగ ఆ గీత వెంటే పోయి పక్కగోడ ఎక్కుతుంది. గ్వాదలహారా నగరంలో ఆ పేటవాళ్లెవరూ దాన్ని వింతగా చూడరు. పొగ ఎక్కువైతే ఒబ్దూలియాకు కబురు పెడతారు, అంతే.

ముప్పై ఏళ్లుగా ఆమె కార్టూన్ సినిమాలకు పొగ గీస్తోంది. ఇప్పుడు పొగను కంప్యూటరే పుట్టిస్తోంది. దర్శకురాలు నీదియా మొహమాటం లేకుండా చెప్పేసింది. కుమ్మరి బట్టీ సీనులో పొగ, తలంటుకున్న ఆడమనిషి జుట్టు విదిలించినట్టు లేవాలి. శుక్రవారానికి అలా రాకపోతే ఆ సీనూ ఉండదు, ఒబ్దూలియా ఉద్యోగమూ ఉండదు.

కంప్యూటర్ పని చూసే ఫెర్మిన్ ఆమె బొమ్మలు దానికి చూపించి పొగ ఇలా లేవాలన్నాడు. అది మామూలు పొగలాగే లేచింది. ఒబ్దూలియా తెర ముందు పెన్సిల్ తిప్పింది. లాభం లేకపోయింది. జీవితంలో మొదటిసారి ఒక పొగ తన మాట వినకపోయేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏ బొమ్మలు చూపించావు బాబూ?"

"శుభ్రం చేసినవే, దోన్యా. మరకలు తుడిచేసి, గీతలు సన్నం చేసి..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! తల్లి మొహం తుడిచేసి చూపిస్తే బిడ్డ గుర్తుపడుతుందా?"

ఇద్దరూ చిత్తు కాగితాలన్నీ వెతికి తీశారు. నిండా బొటనవేలితో పులిమిన బొగ్గు, దిద్దిన గీత మీద మళ్లీ దిద్దిన గీత. గీత ఎటు తిరిగితే గాలి అటే వీచేలా, పెన్సిల్ ఒత్తిన చోట పొగ చిక్కబడేలా ఫెర్మిన్ కంప్యూటర్‌లో అమర్చాడు.

శుక్రవారం నీదియా వచ్చి కూర్చుంది. బట్టీలోంచి లేచిన పొగ నడుం దాకా జారి, ఒక్క విదిలింపుతో భుజం మీదికి వచ్చింది. గదంతా తడిజుట్టు వాసన వేసింది.

"అద్భుతం. మిగతా పదకొండు పొగ సీన్లూ ఇక ఫెర్మిన్ చూసుకుంటాడు" అంది నీదియా.

ఒబ్దూలియా సంచి తీసుకుని గుమ్మం దాటింది. తెర మీద పొగజుట్టు సగంలో ఆగిపోయింది. ఫెర్మిన్ ఏం నొక్కినా కదల్లేదు. ఆమె వెనక్కి రాగానే పొగ మళ్లీ లేచింది.

"ఏం చేశారు మీరు?" అంది నీదియా.

"నేనేం చేశాను? స్వెటర్ మర్చిపోతే తీసుకెళ్దామని వచ్చాను."

నీదియా తెరకేసి చూసింది, ఆమెకేసి చూసింది, నవ్వేసింది. "కూర్చోండి దోన్యా. మీరు వెళ్తే మా సినిమా ఆగిపోయేలా ఉంది."

ఒబ్దూలియా సంతోషం పట్టలేక కుర్చీలో కూలబడింది.

"మరి భోజనానికైనా వెళ్లనిస్తావా?"

"నన్నెందుకు అడుగుతారు? ఆ పొగను అడగండి."