పేరు దగ్గర ఆగిన పాఠం

బియ్యంలో రాళ్లు ఏరుతూ నేను కూడా ఆ పాఠం నేర్చుకున్నాను. తలుపుకు ఇవతల నేను, నా చేట. అవతల అరుగు మీద మా ఇంటాయన, పాఠం చెప్పే నారయ్య సారు. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. ఇబ్రహీంపట్నం కచేరీలో నౌకరీ నిలవాలంటే ఇక ఉర్దూ ఒక్కటే చాలదు, ఇంగ్లీషు కూడా రావాలన్నారట. అందుకే ఈయన ఈ వయసులో "ఐ యామ్, యూ ఆర్, హీ ఈజ్" అని వల్లెవేస్తున్నాడు. ఆయన "యూ ఈజ్" అన్నప్పుడల్లా లోపల నా పెదవులు సరిదిద్దేవి.

"చెవులు గాడ, చేతులు గీడ. రాళ్లన్ని నా పండ్ల కిందికే వస్తున్నయ్," అనేది అత్త నర్సింహమ్మ.

నిజమే, నా మనసు బియ్యంలో లేదు. సారు ప్రతి మాట పక్కనా ఒక పేరు పెట్టి చెప్పేవారు. "ఐ యామ్ నారయ్య. హీ ఈజ్ బుగ్గయ్య," అని మా ఇంటాయన పేరు కూడా పెట్టేవారు. అక్కడ నా పేరు పెడితే ఎలా ఉంటుందో వినాలని ఉండేది. నా నోట కాదు, మా ఇంటాయన నోట. పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో నా పేరు ఎవరూ పలకలేదు. అత్తకు నేను 'పిల్లా', ఆయనకు 'ఏమే'. ఆలుమగలు పేర్లు పెట్టి పిలుచుకుంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు ఆడవాళ్లమంతా జొన్నచేనులో దాక్కున్నాం. వాళ్లు వెళ్లిపోయాక ఈయన గట్టు మీద నిలబడి, "ఏమే, ఏడున్నవే," అని కేకేశాడు. చేనులో ఉన్న పెళ్లాలందరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరునాడు పూజలో మాత్రం, స్వామీ, నిన్ను ఇన్ని పేర్లతో పిలుస్తాను కదా, నీ ఆయుష్షేమైనా తక్కువైందా అని అడగాలనిపించింది.

నిన్న చాయ్ ఇవ్వడానికి అరుగు మీదికి వెళ్లాను. సారు నా వైపు చెయ్యి చూపించి, "చెప్పు, షీ ఈజ్?" అన్నారు.

"షీ ఈజ్..." ఆయన ఆగాడు. ఆయన లోపలికి, అత్త వైపు చూశాడు. "మా ఇంట్ల మనిషి సార్."

"ఇంట్ల మనిషికి పేరుండదా అయ్యా?"

"ఉంటది సార్. గది ఇప్పుడెందుకు."

కప్పు కింద పెట్టాను. "ఐ యామ్ సక్కుబాయి," అన్నాను.

లోపల అత్త గరిటె చప్పుడు ఆగిపోయింది. సారు నవ్వి, "మరి ఈయన? హీ ఈజ్?" అని అడిగారు.

"గా మాట వచ్చు సార్. పేరే నోటికి రాదు. ఆయన నోటికి నా పేరు వచ్చిననాడు, నేను గూడ చెప్త."

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చున్నాను. అరుగు మీద నుంచి, "ఏమే, జరన్ని నీళ్లు తే," అని వినపడింది. చెంబు అప్పటికే నింపి పక్కన పెట్టుకున్నాను. లేవలేదు. కాసేపటికి ఆయన గొంతు సవరించుకున్నాడు. చెంబు మీద చెయ్యి వేసి, వింటూ కూర్చున్నాను.