మీట నలభై ఐదు మీద

గంగాధరప్ప ఆ మీట జరపడం మరిచిపోయాడా, తెలిసే జరపలేదా? ఈ సంశయం పదకొండేళ్లు నన్ను వదల్లేదు. శనివారం భజనలో తాళం వేస్తున్నా అదే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నా అదే. కదిరి నరసింహస్వామి ముందు నిలబడినప్పుడు కూడా మనసులో ఒకటే అడిగేవాణ్ని. "స్వామీ, కోపం నువ్వే ఆపుకోలేకపోయినావు, నన్నెట్లా ఆపుకోమంటావు?" స్వామి ఏమీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి వద్దనలేదని అనుకున్నాను. అలా అనుకోవడం సరైనదేనా అంటే ఇప్పటికీ నాకు తెలియదు.

ధర్మవరంలో మేము నలుగురం పాటల ప్లేట్ల పిచ్చివాళ్లం. గంగాధరప్ప పట్టునూలు వ్యాపారి. మా నలుగురిలో గ్రామఫోను పెట్టె ఉన్నది ఆయనొక్కడికే. ముత్యాలప్ప అనంతపురం బస్సులో కండక్టరు. వెంకటేశులు బడిపంతులు. నేను శ్రీరంగప్పను, అయిదో తరగతితో బడి మాని మగ్గం పట్టినవాణ్ని.

ప్రతి ఉగాదికి పంచాంగం విని, ఓళిగలు తిని, మధ్యాహ్నం గంగాధరప్ప ఇంట్లో చేరేవాళ్లం. ఆ ఏడాది మొత్తంలో తాను విన్నవాటిలో ఏది గొప్పదనిపిస్తే ఆ ప్లేటు తలా ఒకటి తేవాలి. ఒక్కో ప్లేటు ఒక వైపు వేస్తారు. ముల్లు లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అన్నీ అయ్యాక ఎవరి ప్లేటు గొప్పదో తేల్చి, వాళ్లకు తాంబూలం ఇచ్చేవాళ్లం. ఇవ్వడానికి రెండు ఆకులు, ఒక వక్క. అయినా ఏడాది పొడుగునా టీ హోటల్లో ఆ మాట నడిచేది, ఈ ఏడు తాంబూలం ఫలానా వాళ్లదని.

ఖాళీ చేతులతో వచ్చినవాడు లోపలికి రాకూడదు, అరుగు మీద కూర్చునే వినాలి. ఆ నియమం పెట్టింది గంగాధరప్పే. ఒక ఉగాదికి ముత్యాలప్ప డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తే, ఆ ఎండలో అరుగు మీదే కూర్చోబెట్టాడు.

డెబ్బై నాలుగు ఉగాదికి నేను తీసుకుపోయిన ప్లేటు మా ఆవిడ నాగలక్ష్మమ్మ ఏరింది. ఆమె పుట్టిల్లు మడకశిర. చిన్నప్పటి నుంచి కన్నడ దాసర పదాలు, అంటే హరిదాసుల కీర్తనలు, వింటూ పెరిగింది. వాళ్ల చెల్లెలి పెళ్లిలో మైకుసెట్టు మీద ఎవరో ముసలాయన ఒట్టి తంబూర మీద పాడిన పదాలు విని, ఆ మైకుసెట్టు అబ్బిని వదలకుండా ప్లేటు పేరు కనుక్కుంది. కండెలు చుట్టి దాచుకున్న డబ్బుతో బెంగళూరు నుంచి తెప్పించింది. పెద్ద ప్లేటు. మా ఇంట్లో పెట్టె లేదు కాబట్టి నేను దాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

"ఈ ఏడు ఇదే తీసుకపోండి. దీనికి ఎదురుండదు," అంది. ఆమె కూడా వచ్చి, గంగాధరప్ప ఇంట్లో ఆడవాళ్లతో నడవ గదిలో తలుపు వెనక కూర్చుంది.

మొదట ముత్యాలప్పది చిన్న ప్లేటు వేశారు. తర్వాత నాది. ముల్లు పెట్టగానే లోపలి నుంచి ఏదో కీచుమంది. మనిషి గొంతు కాదు. తోక మీద కాలేసినట్టు ఒకటే కీచులు, పరుగులు. ముత్యాలప్ప పడిపడి నవ్వాడు. పంతులు కళ్లు తుడుచుకున్నాడు. గంగాధరప్ప చెయ్యి పెట్టె వైపు పోయి, ఎందుకో వెనక్కి వచ్చింది.

"ఏమప్పా శ్రీరంగా, మీ మడకశిరలో పిల్లులు పెండ్లి చేసుకుంటాండాయా?" అన్నాడు.

నాకు చెవులు మండిపోయాయి. ఏదో ఒకటి చెప్పి బయటపడాలనిపించింది. "నాకేం తెలుసన్నా. మా ఇంటామె ఏరింది. ఆడోళ్ల తెలివి తెల్దా?" అన్నాను.

ఇంకా గట్టిగా నవ్వారు. సగంలోనే గంగాధరప్ప ముల్లు ఎత్తేశాడు. తర్వాత తన నాదస్వరం ప్లేటు పెట్టాడు. అది చక్కగానే పలికింది. ఆ ఏడు తాంబూలం కూడా ఆయనకే పోయింది. ఆ రోజు నుంచి నేను ఊళ్లో పిల్లుల శ్రీరంగ అయ్యాను.

ఇంటికి నడుస్తుంటే నాగలక్ష్మమ్మ నాలుగడుగులు వెనకే వచ్చింది. "ప్లేటు అదే. పాట అది కాదు," అని ఒక్క మాట అంది. నేను వినిపించుకోలేదు.

దసరాకు మడకశిర పోయినప్పుడు ఆ మైకుసెట్టు అబ్బి అదే ప్లేటు వేశాడు. ముసలాయన గొంతు నెమ్మదిగా, లోతుగా, బావిలో చేద దిగినట్టు దిగింది. నేను నిలబడిపోయాను. ఇది మా ఊళ్లో పిల్లిలా ఎందుకు పలికిందని అడిగాను. అతను పెట్టె పక్కనున్న మీట చూపించాడు.

"చిన్న ప్లేటుకు నలభై ఐదు, పెద్దదానికి ముప్పై మూడు. చిన్నది వేసినాక మీట జరపకుంటే పెద్దది ఇట్లే పరిగెత్తి సస్తాది, అన్నా."

అప్పుడు నా కళ్ల ముందుకు రావలసింది నాగలక్ష్మమ్మ ముఖం. వచ్చింది గంగాధరప్ప ముఖం.

పోయి అడిగేయొచ్చు కదా అంటారు. అడిగితే మరిచిపోయినానప్పా అంటాడు. మరిచిపోయినవాణ్ని ఏం చేయగలం? అందుకని అడగలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. ఏటేటా ఉగాదికి ఏదో ఒక ప్లేటు పట్టుకుని పోయాను. పాట వినేవాణ్ని కాదు, ఆయన చేతులు చూసేవాణ్ని. ముల్లు పెట్టే ముందు, ఆయన అటు చూడకపోయినా, వేలు మీటను ఒకసారి తాకేది. ప్రతిసారీ తాకేది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా మరవని మనిషి ఆ ఒక్క రోజే మరిచాడా? మళ్లీ అదే సంశయం.

కాలం తిరిగింది. నాకు ఒక మగ్గం నాలుగయింది. గంగాధరప్ప బామ్మర్దికి పూచీ ఉండి వ్యాపారం పోగొట్టుకున్నాడు. అయ్యో పాపమని నాకు అనిపించలేదు. ఇందులో అబద్ధం రాయను. ఆయన పెట్టె, ప్లేట్లు అమ్మకానికి పెట్టాడని తెలిసి, తాడిపత్రి మనిషినొకణ్ని మధ్య పెట్టి, ఎవరు కొన్నదీ తెలియకుండా అన్నీ కొన్నాను. ఒక్క ప్లేటు కూడా ఆయనకు మిగలనివ్వలేదు.

రెండు ట్రంకు పెట్టెలు దించుతుంటే నాగలక్ష్మమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఆయన ప్రాణమంతా దీంట్లోనే ఉండె కదా. ఊడబెరుక్కొచ్చినారా?"

"దుడ్లిచ్చి తెచ్చినా."

"నేను దుడ్ల మాట అడగల్యా," అని లోపలికి పోయింది.

ఎనభై ఐదు ఉగాదికి అందరికీ కబురు పంపాను, ఈసారి మా ఇంట్లోనని. గంగాధరప్పకు నేనే పోయి చెప్పాను. పెట్టె ఎక్కడికి చేరిందో అప్పుడు ఆయనకు అర్థమయింది. ముఖం కొంచెం పాలిపోయింది. అది చూసి నాకు కడుపు నిండింది.

ఆ మధ్యాహ్నం ముత్యాలప్ప, పంతులు చంకలో ప్లేట్లతో వచ్చి లోపల చాప మీద కూర్చున్నారు. గంగాధరప్ప కాస్త ఆలస్యంగా, ఉతికిన పంచెతో, ఖాళీ చేతులతో వచ్చాడు. వస్తాడని, లోపలికి రానియ్యమని బతిమాలుకుంటాడని, అప్పుడు ఆయన నియమమే ఆయనకు చెప్పాలని నా ఆలోచన. ఆయన బతిమాలలేదు. భుజం మీది తుండు తీసి అరుగు దులుపుకుని కూర్చున్నాడు.

"అదేందన్నా, లోపలికి రా," అన్నాడు ముత్యాలప్ప.

"రూలు పెట్టింది నేనే కదప్పా. కానీండి మీరు."

నా పగలో సగం రుచి ఆ మాటతో పోయింది. ఉన్న సగమైనా తీర్చుకోవాలని, ఆయన పెట్టెలోంచి ఆయన నాదస్వరం ప్లేటే తీశాను. డెబ్బై నాలుగులో తాంబూలం తెచ్చుకున్న పెద్ద ప్లేటు. మీట నలభై ఐదుకు జరిపి ముల్లు పెట్టాను. అంత నాదస్వరమూ జాతరలో పిల్లలు ఊదే పీపీ అయిపోయింది.

"ఓర్నీ! దీన్ని కూడా మడకశిర పిల్లి ముట్టుకున్యాదా ఏంది?" అని ముత్యాలప్ప చాప మీద దొర్లాడు.

అరుగు మీది నుంచి గొంతు వచ్చింది. "శ్రీరంగా, మీట జరుపు."

"ఏ మీటన్నా?"

"నలభై ఐదు మీద ఉండాది. ముప్పై మూడుకు జరుపు."

"వింటేనే తెలుస్తాదా అది?"

"తెలీకేమి. మొదటి పలుకుకే..." అని ఆగిపోయాడు.

నేను ముల్లు ఎత్తి వాకిట్లోకి వచ్చాను. "డెబ్బై నాలుగు ఉగాది పొద్దు కూడా మొదటి పలుకుకే తెలిసిండాదా, అన్నా? మా ప్లేటు పెట్టినప్పుడు?"

ముత్యాలప్ప నవ్వు ఆపాడు. పంతులు లేచి తలుపు దగ్గరికి వచ్చాడు. గంగాధరప్ప తుండు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు.

"ముల్లు పెట్టేటప్పుడు మరిచినాను. చిన్న ప్లేటు తీసి పెద్దది పెట్టినానని ధ్యాస లేదు. అది నిజం. పలికినాక తెలిసింది. జరుపుదామని చెయ్యి కూడా చాపినా. అప్పటికే ముత్యాలప్ప నగుతాండాడు. ఆ కీచుల్లో కూడా ఆ పాడే మనిషి పట్టు నాకు తెలిసిపోయింది. జరిపితే తాంబూలం నీకే. అయిదేండ్లు నా ఇల్లు దాటల్యా అది. చెయ్యి వెనక్కి తీసుకున్నా. నగు ఆగకుండా ఆ పిల్లుల మాట అన్నా."

మరిచాడా, కావాలనే చేశాడా, ఇన్నేళ్లూ నేను ఈ రెండే అనుకున్నాను. ఒక మనిషి ఒక్క పాటలోనే రెండూ చేయగలడని నాకు తట్టలేదు. తట్టనందుకు కూడా కోపమొచ్చింది.

"లేసి లోపలికి రా. వచ్చి చెప్పు," అన్నాను.

వచ్చాడు. నడిమింట్లో నిలబడి అదంతా మళ్లీ చెప్పాడు.

"ముత్యాలప్పకు సరిగ్గా వినబడలేదంట. ఇంకోసారి."

"నాకు వినబడిందప్పా, పాపం..." అన్నాడు ముత్యాలప్ప.

"నువ్వు గమ్మునుండు. ఇంకోసారి చెప్పన్నా."

మూడోసారి కూడా చెప్పాడు. నాకు అంత తీయటి మాట ఆ పదకొండేళ్లలో చెవిన పడలేదు. మూడోసారి చెప్పించకుండా ఉండవలసిందా? ఆ పూట ఆ ప్రశ్న నాకు రాలేదు.

చెప్పడం అయ్యాక గంగాధరప్ప తాంబూలం పళ్లెం వైపు చెయ్యి చాపాడు. రెండాకులు, వక్క తీసి నా ముందుకు పట్టాడు. "ఆ ఏటిది ఇది. తీసుకో."

నేను చెయ్యి చాపాను.

"ఎవరి ప్లేటుకు ఇస్తాండారు అది?"

నాగలక్ష్మమ్మ. పానకం చెంబుతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మా ప్లేటుకే," అన్నాను.

"ఆ పొద్దు మా ఇంటామెది అన్నారే? ఆడోళ్ల తెలివి అన్నారే? నేను తలుపెనకే ఉండాను. నగినప్పుడు నాది, ఆకులొచ్చినప్పుడు మీదా?"

గంగాధరప్ప చెయ్యి నాకూ ఆమెకూ మధ్య ఆగింది. ఆయన మీద కోపాన్ని ఇన్నేళ్లు దేవుడి దీపంలా కాపాడుకున్నాను. ఆ రోజు నేనన్న మాట మాత్రం ఒక్కసారైనా తలుచుకోలేదు. ఈమె తలుచుకుంటూనే ఉంది. తలుచుకుంటూనే నాకు అన్నం పెట్టింది.

"ఆమెదే. ఏరింది ఆమె, తెప్పించింది ఆమె. నవ్వినారని నేను ఆమె మీదికి తోసినా," అన్నాను.

"తీసుకోమ్మా," అన్నాడు గంగాధరప్ప. ఆమె చెంబు కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆకులు అందుకుంది.

పంతులు గొంతు సవరించుకున్నాడు. ఆయనకు నియమాలంటే ప్రీతి. "అట్లయితే ఒక మాట. ప్లేటు ఆమెది అయినప్పుడు, ఆ ఏడు శ్రీరంగప్ప తెచ్చిందేమీ లేదు కదా. ఖాళీ చేతుల్తో వచ్చి లోపల కూర్చున్నట్లే."

"అవునే! నన్ను ఎండలో కూర్చోబెట్టినారే!" అని ముత్యాలప్ప ఎగిరి లేచాడు. "అరుగు, అరుగు! పదకొండేండ్ల బాకీ ఉండావు నువ్వు!"

నేను నాగలక్ష్మమ్మ వైపు చూశాను. నవ్వి వదిలేస్తుందేమో అనుకున్నాను.

"పోండి మరి. ప్లేటు ఒక వైపే కదా," అంది.

పోతూ ఆమె పక్కన ఆగాను. "ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాను మెల్లగా.

"ఈ మాట ఆ పొద్దు రాత్రే అనింటే సరిపోయేది," అని ఆమె తన బట్టల పెట్టె తెరిచి, చీరల మడతల్లోంచి ఆ దాసర పదాల ప్లేటు తీసింది.

"అమ్మా, ముప్పై మూడు..." అన్నాడు గంగాధరప్ప.

"తెలుసులేన్నా. మీరు కూడా ఏమీ తేలేదు కదా ఈ ఏడు."

ఆయన కూడా నా వెనకే బయటికి వచ్చాడు. అరుగు కాలుతోంది. ఆయన ఒక చివర కూర్చున్నాడు. మధ్యలో ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలి నేను ఈ చివర కూర్చున్నాను. తుండులో సగం నా వైపు పరిచాడు. నేను దాని మీద కూర్చోలేదు.

లోపల ముల్లు పడింది. ముసలాయన గొంతు, తంబూర. ముత్యాలప్ప కూడా నోరు విప్పలేదు. పాట నడిచినంతసేపూ నేను వీధి వైపే చూస్తూ కూర్చున్నాను. గంగాధరప్ప కళ్లు మూసుకుని తొడ మీద వేలితో తాళం వేశాడు. ఆయన తాళం తప్పుతుందేమోనని చూశాను. తప్పలేదు.

ముల్లు లేచింది.

"అయిందప్పా ఒక వైపు. నీ బాకీ తీరినట్లే," అన్నాడు.

లేచి గడప దాకా పోయాను. లోపల ఆమె ప్లేటు తిప్పి రెండో వైపు పెడుతోంది. తిరిగి వచ్చి అరుగు మీదే కూర్చున్నాను.