గోడలో వదిలిన సందు

మా చెల్లెలు ఎర్నెస్టీనా గొంతు పోతోంది. చిలీ రాజధాని శాంటియాగోలో రింగు రోడ్డు పక్కనే ఉన్న మా పేట శిశుపాఠశాలలో పదహారేళ్లుగా లారీల మోత మీద అరిచి పాఠాలు చెప్పింది మరి, పిల్లలంతా పిన్నీ అని పిలిచే టీచరు. ఇంకో ఏడాది ఇలాగే అరిస్తే మాటే ఉండదన్నాడు డాక్టరు. ఆ మోత సంగతి తేల్చేదాకా వదలకూడదని ఆరోజే అనుకున్నాను.

నా ఫిర్యాదు మీద నగరపాలక సంస్థ ఇంజినీరు మొదట రోడ్డు వెంట ఒక వరుస చెట్లు నాటించాడు. "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అని పేటంతా మురిసిపోయింది. లారీలు కనబడకపోతే వినబడవనుకున్నారు కాబోలు. నాకు ఒళ్లు మండింది. విశ్వవిద్యాలయం నుంచి శబ్దం కొలిచే మీటరు అడిగి తెచ్చి, పిల్లల గది కిటికీలో పెట్టాను. చెట్లకు ముందు ఇంజినీరు కొలిచింది డెబ్భై ఆరు డెసిబెళ్లు, ఇప్పుడు డెబ్భై ఐదు.

"ఏం డోన్ ఎర్నాల్డో, అందానికా, చెవులకా ఈ చెట్లు?" అని పేట సంఘం పెద్దను నిలదీశాను.

"నీ నోటికో దండం తల్లీ! చెక్క కంచె వేయిస్తాలే."

వేయించాడు. పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత ఖాళీ. డెబ్భై మూడు. మళ్లీ వెళ్లి ఆయన గుమ్మంలో కూర్చున్నాను. చివరికి నాలుగు మీటర్ల కాంక్రీటు గోడ లేచింది. అరవై ఐదుకు దిగుతుందన్నాడు ఇంజినీరు. మీటరు డెబ్భై ఒకటి దగ్గర ఆగిపోయింది.

మీటరు పట్టుకుని గోడ వెంట నడిచాను. ఒకచోట అంకె ఎగిరింది. బస్టాపుకు అడ్డదారి కోసం వదిలించిన సందు అది. ఆ దారిలోనే ఇరవై ఏళ్లుగా నా సోపాయ్‌పియాల బండి. బస్సు దిగినవాళ్లు ఆ గుమ్మడి రొట్టెలు వేడివేడిగా తినిగానీ ఇంటికి పోరు. సందు కావాలని అందరికంటే గట్టిగా అడిగింది నేనే. సిగ్గేసింది.

చెల్లెలు వచ్చి మీటరు చూసింది. "పోనీలే అక్కా, ఐదు తగ్గింది కదా. బండి లేకపోతే నీకెలా గడుస్తుంది?" అంది. చివరి మాట గాలే తప్ప గొంతు రాలేదు.

"నువ్వు మాట్లాడకు, డాక్టరు వద్దన్నాడు" అన్నాను.

సంఘం సమావేశంలో సందు మూసేయాలన్నాను. ఒకటే గోల.

"బస్టాపుకు రోజూ ఆ కాలివంతెనెక్కి దిగాలా? మోకాళ్లు నీవా, మావా?" అంది ఒకావిడ.

"నాతో పోట్లాడి మరీ పెట్టించావు కదే ఎదువీనా! మతి పోయిందా?" అన్నాడు డోన్ ఎర్నాల్డో.

"అప్పుడు పోయింది. ఇప్పుడొచ్చింది. సందు మూయించే అర్జీ కాగితం ఇటివ్వండి."

మొదటి సంతకం నాదే. తిట్టుకుంటూనే మిగతావాళ్లూ పెట్టారు. బండిని వంతెన అవతలికి మార్చాను. పాతవాళ్లలో సగంమంది అంతదూరం రావడం లేదు. బాధగానే ఉంది.

సందు మూసిన మర్నాడు మీటరు అరవై ఐదు చూపింది. కిటికీ బయట నిలబడ్డాను. చెల్లెలు కుర్చీలోంచి లేవకుండా, అరవకుండా, మెల్లని గొంతుతో నక్క కథ చెబుతోంది. వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచి అడిగింది:

"పిన్నీ, మా మీద కోపం పోయిందా?"